కోటుకు పట్టిన కార్జం వాసన

లండన్ శివారు హేస్‌లో నేను అద్దెకు దిగిన ఇంట్లో షరతు ఒక్కటే. ఇంట్లోకి మాంసం రాకూడదు, గుడ్డు కూడా. గది చూపించిన రోజే ఆంటీ ఆ మాట మెత్తగా, నా మొహంలోకి చూడకుండా చెప్పారు. "బయట నీ ఇష్టం అమ్మాయ్. లోపలికి మాత్రం తీసుకురావద్దు."

నాకేం అభ్యంతరం లేకపోయింది. అప్పటికి చదువు ముగించి, పడమటి లండన్‌లో ఒక ఆస్పత్రి ఫార్మసీలో చేరి ఏడాది కావస్తోంది. ఆంటీ, అంకుల్‌లది తెనాలి వైపు. అంకుల్ ఎయిర్‌పోర్టు దగ్గర కార్గో ఆఫీసులో చాలాకాలం చేసి రిటైరయ్యారు. ఒక్కతే కూతురు, పెళ్ళయి బర్మింగ్‌హామ్‌లో ఉండేది. ఆ అమ్మాయి గదే నాకిచ్చారు. ఆంటీ నన్ను అద్దెకున్నదానిలా చూడలేదు. తెల్లారి షిఫ్టు ఉన్న రోజుల్లో నాకంటే ముందు లేచి డబ్బా కట్టిచ్చేవారు. అంకుల్ మాత్రం మాటల మనిషి కాదు. పొద్దున పూజ, తర్వాత పేపరు, సాయంత్రం టీవీ. గురువారాలు మధ్యాహ్నం భోజనమయ్యాక లైబ్రరీకని వెళ్ళి, చీకటి పడ్డాక వచ్చేవారు. ఆ ఇంట్లో ఆయన గొంతు ఎక్కువగా వినిపించేది మంత్రాల్లోనే.

మాది కరీంనగర్ దగ్గర. మా ఇంట్లో ఆదివారమంటే బోటీయే, మేక పేగుల కూర. అమ్మ దాన్ని సున్నంతో, పసుపుతో ఎన్ని నీళ్ళలో కడిగినా వండేటప్పుడు వీధంతా తెలిసేది. పక్కింటివాళ్ళు కిటికీ వేసుకునేవాళ్ళు. ఆ కిటికీ రెక్క చప్పుడు వినగానే నా చెవులు వేడెక్కేవి. బడిలో ఎవరైనా ఏం తిన్నావంటే చికెన్ అనేదాన్ని. పెద్దయ్యాక కూడా ఆ సిగ్గు పోలేదు. ఆస్పత్రిలో తెలుగు డాక్టర్లు, వాళ్ళ భార్యలు ఇంటికి పిలిచినప్పుడు బిర్యానీ, చేపల పులుసు అని ఎన్నో చెప్పుకునేవాళ్ళు. నేను బోటీ మాట ఎత్తేదాన్ని కాదు.

జపాన్ వాళ్ళ తిండి కొట్టు ఒకటి నాకు వాసన వల్లే దొరికింది. ఈలింగ్ దాటాక బస్సు మారడానికి దిగి, తప్పు వీధిలోకి తిరిగాను. బొగ్గుల మీద కార్జం కాలుతున్న వాసన. పొరపడే వీలే లేదు. లాండ్రీకీ తాళాల దుకాణానికీ మధ్య ఇరుకైన గుమ్మం, దానికి వేలాడుతున్న వెలిసిపోయిన నీలం గుడ్డ. లోపల పొడుగాటి చెక్క బల్ల, దాని ముందు కొన్ని స్టూళ్ళు, బల్ల వెనకాల కుంపటి ముందు ఒక ముసలాయన, సీసాల దగ్గర ఆయన భార్య. గోడకు అంటించిన కాగితాల మీద అన్నీ జపాన్ అక్షరాలే. ఏమున్నాయని అడిగితే ఆయన తన ఒంటిమీదే చూపించారు. గుండె మీద తట్టుకున్నారు, పక్కటెముకల కింద నొక్కుకున్నారు, పొట్ట మీద వేలితో మెలికలు తిప్పారు. నాకు నవ్వొచ్చింది. మూడూ కావాలన్నాను.

వెదురు పుల్లలకు గుచ్చి, ఉప్పు చల్లి కాల్చి ఇచ్చారు. ఆవిడ గ్లాసును సాసర్‌లో పెట్టి, బియ్యంతో చేసే వాళ్ళ సారా, సాకే, అంచు దాటి సాసర్‌లోకి పొర్లేదాకా పోశారు. అలా పొర్లించడం వాళ్ళ మర్యాదట. నేను గుమ్మానికి వీపు పెట్టి కూర్చున్నాను. ఆడపిల్ల ఒంటరిగా కూర్చుని సారా తాగుతూ పేగులు తింటోందని తెలిసినవాళ్ళెవరైనా చూస్తే ఎలాగన్న భయం. అయినా రెండోసారి వెళ్ళాను. ఆ తర్వాత వెళ్తూనే ఉన్నాను. ఇంటికొచ్చే ముందు కోటుకు సెంటు కొట్టుకునేదాన్ని.

ఆ చలికాలంలో డ్యూటీల రోటా మారి నాకు గురువారాలు పెందలాడే షిఫ్టు అయిపోవడం మొదలైంది. మొదటి గురువారం సాయంత్రం గుడ్డ పక్కకు తొలగించి లోపలికి అడుగుపెట్టేసరికి ఎవరో పెద్దగా నవ్వుతున్నారు. చొక్కా చేతులు మడిచి, చేత్తో పుల్ల ఊపుతూ, ముసలాయనకేదో కథ చెబుతున్నారు. కుంపటి దగ్గర ముసలాయన కూడా భుజాలు కదిలేలా నవ్వుతున్నారు. ఆ నవ్వే మనిషి మా అంకుల్ అని గుర్తుపట్టడానికి నాకు కాసేపు పట్టింది. ఆయన నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

ఆయన తల తిప్పి నన్ను చూశారు. నవ్వు అక్కడే ఆగిపోయింది. పుల్ల కింద పెట్టి, పేపర్ న్యాప్కిన్ తీసి పళ్ళెం మీద కప్పారు.

"నమస్తే అంకుల్," అన్నాను. పొద్దున్నే వంటింట్లో ఆయనకు పాలగిన్నె అందించిన దాన్ని.

వెనక్కి తిరిగి పోదామనుకున్నాను గానీ, ముసలావిడ అప్పటికే అంకుల్ పక్కనున్న స్టూలు తుడిచి నన్ను రమ్మంటున్నారు. కూర్చున్నాను. ఇద్దరం కుంపటికేసి చూస్తూ ఉండిపోయాం.

ఆయనే ముందు అన్నారు. "ఆంటీకి..."

"చెప్పను అంకుల్."

"నీకు తెలీదమ్మా. మా ఇంట్లో ఇలాంటిది..." మాట పూర్తిచెయ్యలేదు.

"నేను గూడ ఇదే తింట అంకుల్. మా ఇంట్ల ఐతవారమొస్తే ఇదే."

ఆయన నా వైపు చూడలేదు. న్యాప్కిన్ మాత్రం మెల్లగా తీసేశారు. "ఉప్పుదా, సాసుదా?" అని అడిగారు.

"ఉప్పుదే."

"కార్జానికి ఉప్పే బావుంటుంది," అన్నారు, పూజ గదిలో మాట్లాడినంత మెల్లగా.

ఆ తర్వాత నా షిఫ్టు కలిసొచ్చిన గురువారాలు అక్కడ కలుస్తుండేవాళ్ళం. మాట్లాడుకున్నది తక్కువే. కార్గో ఆఫీసులో చేరిన కొత్తలో ఒక జపాన్ క్లయింటు తీసుకొచ్చాడని, మొదటిసారి తిన్నాక ఇంటికెళ్ళి స్నానం చేసి చాలాసేపు ఏడ్చానని, మళ్ళీ వారమే వచ్చానని ఒకసారి చెప్పారు. ఇంటికి మాత్రం కలిసి వెళ్ళేవాళ్ళం కాదు. ఆయన ముందు బస్సెక్కేవారు, నేను తర్వాతి దాంట్లో. దిగాక ఆయన సోంపు నములుతూ వెళ్ళేవారు, నేను సెంటు కొట్టుకుని వెళ్ళేదాన్ని. మా గదుల్లోంచి వచ్చి అన్నం దగ్గర కూర్చుంటే ఆంటీ వేడి వేడి పప్పు వడ్డించేవారు. కడుపు నిండి ఉన్నా ఇద్దరం తినేవాళ్ళం.

ఒక ఆదివారం పొద్దున కిందికి దిగేసరికి భోజనాల బల్ల మీద రెండు కోట్లు పరిచి ఉన్నాయి. ఒకటి అంకుల్‌ది, ఇంకొకటి నాది. ఆంటీ బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉన్నారు. అంకుల్ సోఫాలో పేపరు పట్టుకుని కూర్చున్నారు.

"ఈ రెండింటికీ ఒకటే వాసన ఎందుకొస్తోంది?" అన్నారు ఆంటీ.

నేను అంకుల్ వైపు చూశాను. పేపరు కదల్లేదు.

"గురువారం గురువారం ఈయన లైబ్రరీ నుంచి వస్తారు. ఆ వెనకే నువ్వొస్తావు. నీ మీద సెంటు వాసన. ఇద్దరూ నా మొహం చూడకుండా అన్నం తింటారు. మా అమ్మాయి ఈడుదానివి. నా కూతురి గదే నీకిచ్చాను. నేను అడగకూడని మాట నాతో అడిగించకండి."

ఆవిడ అనుమానం ఏమిటో అప్పుడర్థమైంది. అంకుల్ ఒక్క మాటంటే సరిపోయేది. ఆ ఒక్క మాట కోసం నేను చూశాను, ఆంటీ కూడా చూశారు. ఆయన పేపరు వెనక నుంచి బయటికి రాలేదు. ఒక ఆడపిల్లతో తిరుగుతున్నాడన్న మాటైనా పడతారు గానీ, కార్జం తింటానన్న మాట ఆయన నోటి నుంచి రాదు. అది తెలిసొచ్చాక నాకు ఆయన మీద కోపం కూడా రాలేదు. బడిలో చికెన్ అని చెప్పిన నాకు ఆ సిగ్గు కొత్తదేం కాదు.

"ఆంటీ," అన్నాను, "అంకుల్ గురువారాలు ఒక కొట్టుల కార్జం తింటరు. నేను గూడ. ఇంకేం లేదు ఆంటీ. జపానోళ్ళ కొట్టు అది. బొగ్గుల పొగ వాసన."

"ఏం తింటారు?"

"కార్జం. గుండెకాయ. కొంచెం సాకే తాగుతరు."

ఆంటీ మెట్ల మీద కూర్చుండిపోయారు. అంకుల్ వైపు తిరిగి అడిగారు. "ఎన్నాళ్ళ నుంచి?"

పేపరు కిందికి దిగింది. "ఉద్యోగంలో చేరినప్పటి నుంచి."

"అమ్మాయి పుట్టకముందు నుంచా?"

ఆయన తలూపారు. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. కోట్లు రెండూ మడతపెట్టి, "డ్రై క్లీనింగ్‌కి ఇవ్వాలి," అన్నారు. సాయంత్రం దీపం పెట్టాక, "వచ్చే గురువారం నేనూ వస్తాను. నువ్వూ రావాలి," అన్నారు నాతో. రానని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ గురువారం ముగ్గురం ఒకే బస్సులో వెళ్ళాం. ఆంటీ పట్టుచీర మీద కోటు వేసుకుని, పెళ్ళికి వెళ్తున్నట్టు పర్సు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. గుడ్డ తొలగించి లోపలికి వెళ్ళగానే ముసలాయన అంకుల్‌ని చూసి చేతులెత్తి పలకరించారు. "నా భార్య," అని అంకుల్ గొణిగారు. ముసలావిడ సంబరపడిపోయారు. ఆంటీ చెయ్యి పట్టుకుని ఇంగ్లీషులో, "మీరు అదృష్టవంతులు. మీ ఆయన ఎంత నవ్విస్తారో. ఈయన వచ్చిన రోజు మాకు పండగే," అన్నారు.

ఆంటీ మొహం నేను చూడలేకపోయాను. "అవునా," అన్నారు ఆవిడ. "ఇంట్లో ఇంత మాట్లాడరు."

ఆంటీ ఏమీ తిననంటుంటే ముసలాయనకు సంగతి అర్థమైంది. వేరే పెనం తీసి, కడిగి, దానిమీద వంకాయ ముక్కలు, ఉల్లిపాయ కాల్చి ఆవిడ ముందు పెట్టారు. అంకుల్ ముందు ఎప్పటిలాగే ఉప్పు చల్లిన కార్జం పుల్లలు వచ్చాయి. ఆయన ముట్టుకోలేదు. పొగ సన్నగా లేస్తోంది.

"తినండి," అన్నారు ఆంటీ. "చల్లారితే బావుండదేమో."

"వద్దులే."

"ఇన్నేళ్ళు తిన్నారుగా. నా ముందు తినడానికేం?"

ఆయన పుల్ల తీసుకున్నారు. తల పూర్తిగా వంచి, బడిలో దెబ్బలు తిన్న పిల్లాడిలా, ఒక్కొక్క ముక్కే నమిలారు. ఆంటీ అటే చూస్తూ కూర్చున్నారు. ఆవిడ చూపులో కోపం లేదు. అందుకే దాన్ని మరీ భరించలేకపోయాను. పక్కింటి కిటికీలు మూసుకున్నప్పుడు కూడా నాకంత సిగ్గనిపించలేదు. నా పళ్ళెం నేను ముట్టుకోలేదు. పొర్లిపోయిన సాకే సాసర్‌లో అలాగే ఉండిపోయింది. అంకుల్ ఆ రోజు ఒక్క కథ కూడా చెప్పలేదు. ముసలాయన రెండు మూడుసార్లు ఏదో గుర్తుచేసి నవ్వించబోయి, ఊరుకున్నారు.

ఆ తర్వాత నన్ను పొమ్మని ఎవరూ అనలేదు. ఆంటీ డబ్బా కడుతూనే ఉన్నారు. కానీ హాల్లో అంకుల్ ఎదురైతే ఇద్దరం గోడవారగా తప్పుకునేవాళ్ళం. ఎండాకాలం వచ్చేలోగా, పని దూరమవుతోందని చెప్పి, ఆస్పత్రి పక్కన ఒక ఫ్లాట్‌లో గది చూసుకుని వెళ్ళిపోయాను.

చాలాకాలం తర్వాత హేస్‌లో కూరగాయల కొట్టు దగ్గర ఆంటీ కనిపించారు. బెండకాయలు విరిచి చూస్తున్నారు. నన్ను చూసి నిజంగానే సంతోషించారు. చిక్కిపోయానన్నారు, పెళ్ళి సంగతి అడిగారు. అంకుల్ ఎలా ఉన్నారని నేనే అడిగాను.

"బావున్నారు. గురువారాలు వెళ్తూనే ఉన్నారు. ఇప్పుడు నాకు చెప్పే వెళ్తున్నారులే." ఒక బెండకాయ విరిచి బుట్టలో వేశారు. "కానీ అమ్మాయ్, అక్కడ ఎంతోసేపు కూర్చోవట్లేదు. ఇట్టే వచ్చేస్తున్నారు. నేనేమీ అనను కూడా. ఇంకాసేపు ఉండొచ్చుగా అంటే, వద్దులే అంటారు."

ఆవిడ చేతిలోని బుట్ట అందుకుని కౌంటరు దాకా మోసుకెళ్ళాను.