తియ్యగా తగిలితే మందు దిగినట్టు కాదు

మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో సేల్స్‌మన్. ఒకరోజు మధ్యాహ్నం నేను అన్నం డబ్బా తీసుకెళ్ళేసరికి, సగం విప్పిన చీర చేతిలో పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "ఏం లేదు, జర ఆయాసం" అన్నాడు. పొద్దంతా చీరలు విప్పి మడతపెట్టినా అలసిపోయానని అనని మనిషి. నాకు భయం వేసింది.

సైదాబాద్‌లో డాక్టర్ గొట్టంలోకి ఊదించే పీఎఫ్‌టీ పరీక్ష చేయించి, సీఓపీడీ అన్నాడు, ఊపిరితిత్తులు మెల్లగా పాడయ్యే జబ్బట. పోచంపల్లి వైపు మగ్గాల నడుమ పెరిగాడు కదా, ఆ దూది ధూళి, పైగా బీడీలు. పొడిమందు క్యాప్సూళ్ళు, వాటిని పెట్టి పీల్చే ఇన్హేలర్ రాసిచ్చాడు. వాడే తీరు మందుల షాపతను చెప్పాడు: "క్యాప్సూల్ పెట్టాలె, తిప్పాలె, గుంజాలె. గంతే."

నూలు ముట్టే ముందు ఉఫ్‌మని ఊదడం మా ఆయనకు మగ్గం దగ్గర అబ్బిన అలవాటు. ఇన్హేలర్‌లోకి కూడా అలాగే ఊది, తర్వాత మెల్లగా పీల్చేవాడు. "నాలుక మీద తియ్యగ తగిలింది, మందు దిగినట్టే" అనేవాడు. ఆయాసం మాత్రం పెరుగుతూనే పోయింది. డాక్టర్ డోసు పెంచాడు.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. ఒక బంద్ నాడు ఆయన పెదవులు నీలంగా మారాయి. బస్సు లేదు, ఆటో లేదు. పక్కింటాయన స్కూటర్ మీద ఆయనను మధ్యలో కూర్చోబెట్టి, నేను వెనక నుంచి పట్టుకున్నాను. చౌరస్తాలో ధర్నా చేస్తున్నవాళ్ళు "జరగండ్రి, పేషెంట్ ఉన్నడు" అని రాళ్ళు పక్కకు తీసి దారి ఇచ్చారు. అలా ఎల్‌బీ నగర్ ఆసుపత్రికి చేరాం.

ఐసీయూ నుంచి వార్డుకు మార్చాక, గుంటూరు వైపు డాక్టరమ్మ ఒకావిడ "ఇన్హేలర్ నా ముందు ఒకసారి వాడండి, చూస్తాను" అంది. ఈయన ఊదాడు. ఆవిడ గబుక్కున చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఊదకూడదండీ. ఊపిరిలో తడి ఉంటుంది, పొడి ముద్దకడుతుంది. బాగా సన్నటి రేణువులే లంగ్స్ లోపలికి వెళ్తాయి. ముద్దలు గొంతులోనే ఆగిపోతాయి. గట్టిగా లాగితేనే పొడి విడిపోతుంది."

"మరి తియ్యగ తగుల్తది గద, డాక్టరమ్మా?"

"ఆ తీపి మందుది కాదండీ, అందులో కలిపే పాలచక్కెరది."

"అయితే ఇన్ని దినాలు నేను చక్కెర తిన్ననా?" అన్నాడు. నేను వరండాలోకి వెళ్ళి ఏడ్చాను.

పద్ధతి మార్చాక కొంత తెరిపి వచ్చింది కానీ, పాడైన లంగ్స్ బాగుపడవని చెప్పేశారు. దుకాణం మానేశాడు. తెలంగాణ వచ్చిందని గల్లీ అంతా పటాకులు కాలుస్తుంటే, పొగ పడదని తలుపులు మూసుకుని కిటికీ అద్దంలోంచి చూశాడు. ఆ తర్వాతి చలికాలం దాటలేదు.

ఇప్పుడు మీర్‌పేట్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఎవరి చేతిలో ఇన్హేలర్ కనబడినా ఊరుకోలేను, పలకరించి చెప్తాను. మీకూ అదే మాట. మందుల చీటీ తీసుకుని లేచి వచ్చేయకండి. డాక్టర్ ఎదుటే ఒకసారి పీల్చి, సరిగ్గా ఉందా అని అడగండి. మా ఆయనను "చూపించండి" అని మొదటిసారి అడిగేటప్పటికి ఆయన ఐసీయూకు వెళ్ళి వచ్చాడు.