రాజక్క అతికిన తీగ

ఈ ఏప్రిల్ ఇరవై ఒకటి, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు జగిత్యాలలో మా ముందుగదిలో గంజి మాడిన వాసన మొదలైంది. గడియారం చూసే చెబుతున్నాను. పొయ్యి మీద పప్పు తప్ప ఏమీ లేదు. వాసన పట్టుకుని పోతే అది కూలర్ ప్లగ్గు దగ్గర తేలింది. నేను స్వయంగా గంజి పెట్టి ఆరేసిన నూలు తెర అంచు ప్లగ్గుకు ఆనుకుని, టీ మరకలా రంగు మారి ఉంది. మెయిన్ ఆపి, మా వీధి చివర కరెంటు పని చేసే ఖాదర్‌ను పిలిపించాను. అతను ప్లగ్గు పలక విప్పి, నల్లబడ్డ తీగ కొసను నాకు చూపించాడు.

"వైరుది తప్పు లేదమ్మా. స్క్రూ ఢీలా అయింది. ఢీలా ఉన్నకాడ వేడి పుడ్తది, వేడి పుట్టినకొద్ది ఇంకింత ఢీలా అయితది. వాసన ఎన్ని దినాలసంది అస్తున్నది?"

"ఇయ్యాలనే. పది ఇరవైకి," అన్నాను.

అందరూ మీలెక్క చెప్తే నాకు పనే ఉండదని అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎన్ని రోజుల నుంచి అన్న ఆ ప్రశ్న యాభై తొమ్మిదేళ్ల ఆరు నెలల కింద సిరిసిల్లలో ఎవరో ఒకరు నన్ను అడగవలసింది.

అప్పుడు నాకు పదేళ్లు. సిరిసిల్లలో మాదీ, మా బాపు అన్న పెద్దబాపుదీ ఒకే వాకిలి, ఒకే పెంకుల కప్పు, నడుమ ఒక మట్టిగోడ. గోడకు ఇవతల మా బాపు చేతిమగ్గం, అవతల పెద్దబాపు మరమగ్గం. దాన్ని మేం సాంచ అనేవాళ్లం. వాన రోజుల్లో నూలు చెమ్మగిల్లి బాపుకు కోపం ఎక్కువయ్యేది. ఎండ కాసిన పొద్దున వీధి పొడవునా పడుగు, అంటే నిలువు పోగుల వరుస, సాగదీసి కుంచెలతో గంజి పట్టిస్తుంటే, దాని కింద నుంచి వంగి దూరి బడికి పోయేవాళ్లం. గంజి వాసన మా పుస్తకాల్లో ఉండేది, అన్నంలో ఉండేది, అవ్వ అని మేం పిలిచే మా అమ్మ కొంగులో ఉండేది.

రాజక్క పెద్దబాపు బిడ్డ. నాకంటే ఏడాది నాలుగు నెలలు పెద్ద. ఆమె కాళ్లకు పట్టీలు ఉండేవి, నాకు లేవు. ఆమె జడ నడుము దాటేది, నాది భుజం దాటలేదు. కచ్చకాయలు ఎగరేస్తే ఐదూ ఆమె చేతి వెనక మీద బుద్ధిగా కూర్చునేవి. నాయినమ్మ రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు పంచినప్పుడు ఆమెకు దక్కిన ముద్ద పెద్దదని నేను అరచేతిలో తూచి చెప్పగలిగేదాన్ని, చెప్పి దెబ్బలూ తినేదాన్ని.

వీటన్నిటినీ ఓర్చుకున్నాను కానీ ఆమె చేతి నేర్పును ఓర్చుకోలేకపోయాను. మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటే అతకాలి. జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ రెండు కొసలు పెట్టి మెలితిప్పాలి. రాజక్క మెలితిప్పితే అతుకు కనపడేది కాదు. నేను తిప్పితే చీమ కూర్చున్నట్టు ఉబ్బేది. నాకు వచ్చింది లెక్క ఒక్కటే. రాట్నం మీద నూలు కండెలు ఎన్ని చుట్టారో, ఎన్ని పోగులు తెగాయో తప్పకుండా చెప్పేదాన్ని. దానికి మెప్పు ఎక్కడిది?

"రాజవ్వ అతికితే పోగు ఏడ తెగిందో దేవునికి సుత ఎర్కపడది," అనేది నాయినమ్మ. "నువ్వు లెక్క పెట్టు బిడ్డా. గది నీకస్తది."

ఆ ఏడు బతుకమ్మ మూడో రోజున పెద్దబాపు రెండో సాంచ తెచ్చి, మా ఉమ్మడి గోడ పక్కనే నిలబెట్టించాడు. తీరా చూస్తే కరెంటు తీగ మూరెడు తక్కువ పడింది. కరెంటు పని తెలిసినాయన పండుగ దాటాక గానీ రానన్నాడు. చేతిలో ముక్క తీగ ఉంది, ఇంట్లో రాజక్క ఉంది. పెద్దబాపు ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు.

"ఆయన అచ్చేదాక సాంచ పండుకుంటదా? రాజీ, ఇటు రా. పోగు అతికినట్టే అతుకు."

ఆమె అట్లాగే అతికింది. వేళ్లకు బూడిద అద్దుకుని రాగి పోగులను మెలితిప్పి, పైన నూలు బిగుతుగా చుట్టి, దాని మీద గంజి పూసింది. గంజి ఆరాక చూసినవాళ్లంతా అతుకు ఏదీ అని వెతికారు. సాంచ తిరిగింది. ఆ రోజు వీధిలో ఇదే ముచ్చట.

ఆ అతుకు చిలపలు, అంటే నూలు కట్టలు, పెట్టుకునే బల్లకు సరిగ్గా పైన ఉండేది. బల్ల పక్కనే రెండిళ్ల కండెలూ చుట్టే నా రాట్నం. రోజూ దాని కింద కూర్చుని కండెలు చుట్టేది నేను ఒక్కదాన్నే కాబట్టి చూసిందీ నేనే. నాలుగో రోజు సాంచ మొదలవగానే బల్బు గుడ్డిదై మళ్లీ వెలిగింది. ఐదో రోజు గంజి మాడిన వాసన వచ్చింది, ఆ రోజు ఇంట్లో గంజి కాచలేదు. ఆరో రోజు చుట్టిన నూలు టీ రంగుకు తిరిగింది. ఏడో రోజు పళ్లెంలో బియ్యపుగింజలు రాలినట్టు టిక్కు టిక్కుమంది. ఎనిమిదో రోజు మినపగింజంత నల్ల మచ్చ వచ్చింది. గోడ మీద బొగ్గుతో రోజుకో గీత పెట్టాను.

నేను కోరుకున్నది ఒకటే. ఆ అతుకు ఊడిపోవాలి, సాంచ ఆగాలి, కరెంటాయన వచ్చి ఇది అతికిన తెలివితక్కువ మనిషి ఎవరని నలుగురిలో అడగాలి. అప్పుడు నాయినమ్మ మొహం ఎట్లా ఉంటుందో కూడా ఊహించుకున్నాను. నిప్పు అన్నది నా ఊహలో లేదు. సాకు చెప్పడం లేదు, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆరో రోజు ఒకసారి చెబుదామని లేచాను కూడా. ఆ రోజు బతుకమ్మ అలుగుతుందని ఎవరూ ఆడరు, ఆడవాళ్లంతా వాకిట్లో తీరిగ్గా ఉన్నారు. రాజక్క జడ దువ్వుతూ వాళ్లమ్మ పెద్దవ్వ ఉంది, మా పడుగు అతకడానికి నీ బిడ్డను పంపవా అని బతిమాలుతూ పక్కింటామె ఉంది. నేను తిరిగి వెళ్లి రాట్నం ముందు కూర్చున్నాను. బతుకమ్మతో పాటు నేనూ అలిగాను.

తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ. మధ్యాహ్నం నాలుగు గంటలకు వాకిలి నిండా తంగేడు, గునుగు, బంతి రాశులు. వేయించిన నువ్వుల వాసన, నలిగిన పూల పచ్చివాసన. రాజక్క పూలు పేరుస్తోంది, నేను వరుసలు లెక్కపెడుతున్నాను, పద్నాలుగో వరుస. లోపల సాంచ చప్పుడు బరువెక్కి, ఆగి, మళ్లీ లేచింది. మండుతున్న నూలు చుట్ట ఊడి చిలపల మీద పడింది. అందరికంటే ముందు లోపలికి ఉరికింది రాజక్క. అంటుకున్న చిలపలను చేతులతో లాగి బయటికి విసిరింది. గంజి పట్టిన నూలు మండితే చర్మానికి అంటుకుంటుంది, దులిపితే పోదు. పెద్దబాపు వీధిలోంచి వచ్చి ఫ్యూజు పీకేసరికి నిప్పు పెంకుల కింది వెదురు బద్దల వెంట మా వైపు దిగింది.

సాయంత్రం వాకిట్లో బతుకమ్మలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. పాట లేకుండా తీసుకుపోయి నీళ్లలో విడిచారు. కరెంటు పాడుదని కొందరన్నారు. చిన్నపిల్లతో అతికించిన నాదే తప్పని పెద్దబాపు తల కొట్టుకున్నాడు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. గోడతో పాటు నా బొగ్గు గీతలూ మసిబారిపోయాయి.

రాజక్క వేళ్లు మానాయి గానీ బొటనవేలికీ చూపుడువేలికీ స్పర్శ తిరిగి రాలేదు. వాటి నడుమ పోగు ఉందో లేదో ఆమెకు తెలిసేది కాదు. ఆ తర్వాత అతకడానికి నాయినమ్మ నన్నే పిలిచింది. నా అతుకులు ఉబ్బుగానే ఉండేవి, ఎవరూ ఏమీ అనలేదు. మలీదలో మొదటి ముద్ద మాత్రం ఇంకా రాజక్కకే.

ఖాదర్ పోయాక, పదకొండు నలభైకి, కోరుట్లలో ఉన్న రాజక్కకు ఫోన్ చేసి ఐదు రోజుల వాసన సంగతి మొత్తం చెప్పాను.

"గప్పుడు నువ్వు చెప్పినా నేను ఇంటుంటినా? నా అతుకును ఏమన్న అంటే నిన్నే కొడ్తుంటి," అంది. తర్వాత, "గా కూలర్ పని పెద్దోళ్లతోనే చేపిచ్చినవా, లేకుంటే పోరితోని అతికిచ్చినవానే?" అని నవ్వింది.

ఇంతకాలం నేను మోసిన బరువును ఒక కండె చుట్టేంత సేపట్లో తీసి పక్కన పెట్టేసింది. ఆ పనీ నాకంటే ఆమెకే బాగా వచ్చు. ఫోన్ పెట్టేశాక, డెబ్భై ఏళ్ల వయసులో, నాకు మళ్లీ ఓర్వలేనితనమే వచ్చింది.

ఇప్పుడు ఆ వాకిలి లేదు, అక్కడ మూడంతస్తుల ఇల్లు ఉంది. వీధిలో పడుగు సాగదీసేవాళ్లు లేరు. ఆ రోజు పోయినవి ఇవి: గదులు రెండు. సాంచ ఒకటి. మా బాపు చేతిమగ్గం ఒకటి. పడుగులు రెండు. నూలు చిలపలు ముప్పై ఎనిమిది. నాయినమ్మ చెక్కపెట్టె ఒకటి. రాజక్క కుడిచేతి వేళ్లు రెండు.