ఉద్యా అంటే పొద్దుగాల

అందరూ చెప్పే కథ అబద్ధం. సుభద్ర మేడమ్‌కు మరాఠీ సరిగా రాక తన ప్రసంగం తానే పోగొట్టుకుందని మా చంద్రపూర్ కాలేజీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. సెమినార్ అనే మాట వస్తే చాలు, ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. మరాఠీలో ఉద్యా అంటే రేపు. ఆ తెలుగావిడ దాన్ని ఉదయం అనుకుంది. శనివారం మాట్లాడవలసిన మనిషి ఆదివారం పొద్దున గంజిపెట్టిన చీర కట్టుకుని వచ్చింది, పాపం. అక్కడ నవ్వాలి. అందరూ నవ్వుతారు. ఇన్నేళ్లూ నేనూ నవ్వాను.

ఆమె తప్పు విన్నమాట నిజమే. కానీ తప్పు విన్నానేమోనని పక్కనున్న మనిషిని అడిగింది. ఆ సంగతి కథలో లేదు. ఆ పక్కనున్న మనిషి ఈ జిల్లాలోనే పుట్టింది, మరాఠీ మీడియంలో చదువుకుంది, ఉద్యా అంటే ఏమిటో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. ఆ మనిషిని నేనే.

ఇరవై ఏళ్లుగా మోస్తున్నాను. బరువు అనడం కూడా సరికాదు. బరువైతే ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకోవచ్చు. దీన్ని మార్చుకోవడానికి నాకు ఇంకో భుజం లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల నడిమి రోజులు. ఊళ్లో సందుకొక ఎస్టీడీ బూత్ వెలుస్తోంది, కాలేజీల్లో పర్మనెంటు ఉద్యోగాలు మాయమవుతున్నాయి. భౌతికశాస్త్రంలో మేమిద్దరం గంటల లెక్కన పాఠాలు చెప్పే లెక్చరర్లం. ఆమెది వరంగల్. భర్త ఉద్యోగం వల్ల చంద్రపూర్ పక్కనే ఉన్న భద్రావతిలో క్వార్టర్లలో ఉండేది, ఎర్ర బస్సులో వచ్చి పోయేది. నాకంటే పెద్దది, అక్కా అనేదాన్ని. మా తాత ఆదిలాబాద్ వైపు నుంచి బొగ్గు పనికి వచ్చి బల్లార్‌పూర్‌లో స్థిరపడ్డాడు. మా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం తప్ప ఎవరికీ చదవడం రాదు. ల్యాబ్‌లో ఖాళీ పీరియడ్లలో అక్క నాకు అక్షరాలు దిద్దించింది. బదులుగా బజారులో మోసపోకుండా ఆమెకు మరాఠీ నేర్పాను. మరాఠీలో ఏ మాటకైనా ఆమెకు నేనే నిఘంటువు. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ అక్షరాలు ఆమె పెట్టినవి. ఆ సంగతి దాటేసి ముందుకు పోవడం సిగ్గనిపించి చెబుతున్నాను.

మమ్మల్ని కలిపింది క్వాంటం సిద్ధాంతంలోని ఒక పాత తగవు. ఒక కణాన్ని కొలిచినప్పుడు వచ్చే జవాబు కొలవకముందే దానిలో ఉందా? లేక మనం అడిగినప్పుడే పుట్టిందా? ముందే ఉందనేవాళ్లను ఓడించడానికి ఒక గళ్ల పట్టిక ఉంది. గళ్లలో ప్లస్సులూ మైనస్సులూ ముందుగానే నింపబోతే, అడ్డం లెక్క కుదిరిన చోట నిలువు లెక్క కుదరదు. పట్టిక పెద్దవాళ్లు కనిపెట్టిందే. దాన్ని బి.ఎస్సీ. పిల్లలు కూడా అందుకోగలిగేంత తక్కువ గణితంతో, కొత్త అమరికలో చూపాలని మా పట్టుదల.

కట్టేది ఆమె. పడగొట్టేది నేను. ఆమె బోర్డు మీద ఒక అమరిక వేసేది. నేను చాయ్ గ్లాసుతో బెంచీ మీద కూర్చుని ఎక్కడ చిల్లుందో చెప్పేదాన్ని. "నీ నోట్ల మన్నువడ, గిది గూడ చెడగొట్టినవ్ గదనే!" అని తిట్టుకుంటూ చెరిపేది. రెండేళ్లు అదే పని. చివరికి నేనెంత పొడిచినా పడని అమరిక ఒకటి నిలబడింది. అది ఆమె కట్టిందా? నేను పడగొట్టలేకపోయిందా? పోట్లాడడం పని కాదా? వంద తప్పులు పట్టుకున్నవాళ్ల పేరు మిగిలిన ఒక్క ఒప్పు మీద ఉండకూడదా? ఈ ప్రశ్నలు అప్పుడు నాకు రాలేదు. రావలసిన అవసరం ఉందనుకోలేదు.

అప్పుడు సెమినార్ వచ్చింది. క్వాంటం మూల ప్రశ్నల మీద, క్వాంటం సమాచారం అనే కొత్త సంగతి మీద రెండు రోజుల జాతీయ సెమినార్. ఘుగ్గుస్ గనుల బొగ్గు లారీల దుమ్ము పడే మా కాలేజీలో! పుణె నుంచి ఒక పెద్ద ప్రొఫెసర్ వస్తున్నాడు. మా హెచ్.ఓ.డి. సర్‌కు పాత స్నేహితుడు. చిన్న ఊళ్ల కాలేజీల నుంచి ఒకరిని ఎంచుకుని తన దగ్గర పరిశోధనకు తీసుకుంటాడని ముందే తెలుసు. గంటల లెక్క బతుకులోంచి బయటపడే తలుపు అదొక్కటే. మా పని చెప్పడానికి అక్కను పెట్టారు. నాకు అభ్యంతరం లేదు. ఒక మైకులో ఇద్దరం మాట్లాడలేం కదా. పని ఇద్దరిదని ఆమె చెబుతుందనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, గాలి ఉందని ప్రత్యేకంగా అనుకుంటామా?

శుక్రవారం సాయంత్రం ల్యాబ్‌లో రిహార్సల్. వినేది నేనొక్కదాన్నే. అక్క ప్రొజెక్టర్ మీద మొదటి షీటు పెట్టింది. దాని మీద ఒకటే పేరు. సరే, మాట్లాడేది ఆమె కదా అని సర్దుకున్నాను. తర్వాత ఇంగ్లీషులో మొదలుపెట్టింది. మా శాస్త్రంలో ఒంటరిగా రాసినవాడు కూడా 'వి', అంటే మేము, అంటాడు. అది ఆచారం. అక్క 'ఐ' అంది. ఐ కన్‌స్ట్రక్ట్. ఐ షో. మొదటిసారి పొరపాటనుకున్నాను. రెండోసారి విన్నాను. తర్వాత విషయం వినడం మానేసి ఆ ఒక్క మాట కోసమే కూర్చున్నాను. వస్తూనే ఉంది. మన భాషలో ఎదుటి మనిషిని కలుపుకోవడానికి మనం ఉంది, బయట నిలబెట్టడానికి మేం ఉంది. బయట నిలబెట్టినా ఓర్చుకునేదాన్ని. ఆమె ఆ రెండూ దాటి నేను దగ్గరికి వెళ్లిపోయింది.

అప్పుడే ఎందుకు అడగలేదు? అడగడం నాకు రాని విద్యా? కూరల బండి దగ్గర, బస్సు కండక్టర్‌తో, చివరికి ప్రిన్సిపాల్‌తో కూడా తగువు పెట్టుకునే నోరు ఇది. లెక్క కోసం ఆమెతో రోజూ పోట్లాడాను. నా కోసం పోట్లాడవలసి వచ్చేసరికి నాలుక కదల్లేదు. చెల్లెలు అక్కను నా వాటా ఏదని అడగాలా అనిపించింది. అది పౌరుషమా, పిరికితనమా, ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆమె ముగించబోతుండగా హెచ్.ఓ.డి. సర్ వచ్చారు. వరండాలో మండపం వేసేవాడి మీద అరుస్తూ, తలుపు దగ్గర నుంచే మరాఠీలో కేకేశారు. "మేడమ్, తుమచం భాషణ ఉద్యా! సరాంచీ గాడీ ఆహే!" అని మళ్లీ మండపం వాడి మీదికి వెళ్లిపోయారు. ప్రొఫెసర్‌కు రైలుంది, మీ ప్రసంగం రేపే అని. అంతకుముందు అచ్చేసిన కార్యక్రమంలో మాత్రం ఆమెకు ఆదివారం మధ్యాహ్నం ఇచ్చారు.

అక్క నా వైపు తిరిగింది.

"ఏమంటుండే ఆయన? ఉద్యా అంటే పొద్దుగాలనా?"

నేను ప్రొజెక్టర్ వైరు చుడుతున్నాను.

"ఆఁ. పొద్దుగాలనే."

"అంటే ఆదివారం పగటీలిది పొద్దుగాలకు జరిపిండన్నట్టు. మంచిగైంది. అన్నం తిన్నంక చెప్తే సగం మంది గురక వెడ్తరు." నవ్వింది. "మరి రేపు నేను రానే. దండలు, దీపాలు, పెద్దమనుషుల సుత్తి, అదంత నువ్వు విను. నేను ఇంట్ల కూసొని ఇంకోపారి సరిచూసుకుంట."

"సరే అక్కా."

"ఏమైందే? మొఖం గట్ల వెట్టినవ్?"

"తల నొస్తుంది."

"ఏం నొయ్యది! పొద్దంత ఆ నోరు మూతవడితే గద. చాయ్ తాగు పో."

ఇంతే జరిగింది.

రెండేళ్లు కణాల గురించి అడిగిన ప్రశ్న ఆ రాత్రి నుంచి నా గురించి అడుగుతున్నాను. ఆ అబద్ధం ఆమె అడగకముందే నాలో ఉందా? ఆమె అడిగింది కాబట్టి పుట్టిందా? అడగకుండా బస్సెక్కి ఉంటే నేను మంచిదాన్నిగానే మిగిలిపోయేదాన్నా? అడిగినప్పుడే పుట్టిందని వాదించి గెలవగలను, నాకా చాతుర్యం ఉంది. కానీ ఆ వెంటనే ఆమె 'రేపు రానే' అంది. రేపు అనే మాట ఆమె నోటినుంచే నా ముందు పడింది. అప్పుడు నన్నెవరూ ఏమీ అడగలేదు. నేనే నోరు విప్పాలి. సరే అక్కా అన్నాను. అక్కడ నా వాదన చచ్చిపోతుంది.

శనివారం హాలు నిండింది. అక్క ఏదని సర్ కంగారు పడ్డారు. "నిన్న చెప్పాను కదా ఆవిడకు?" అని నన్ను అడిగారు. "చెప్పారు సర్, నా ఎదుటే చెప్పారు" అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. చూశారా నా తెలివి! భద్రావతిలో ఆమె పక్కింటివాళ్లకు ఫోనుంది. ఆ నంబరు నాకు కంఠతా వచ్చు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. "మీరిద్దరూ కలిసి చేసిందే కదా, నువ్వు చెప్పెయ్" అన్నారు సర్. కలిసి చేసిందని ఆయనకు తెలుసు! బయటివాడికి తెలుసు!

షీట్లు అక్క దగ్గరున్నాయి. నేను బోర్డు మీద చెప్పాను. బాగా చెప్పాను, అబద్ధపు వినయం ఎందుకు? ప్రొఫెసర్ అడ్డు ప్రశ్నలు వేశాడు. అవన్నీ అంతకు ముందు నేను అక్కను అడిగినవే, జవాబులన్నీ ఆమె నాకిచ్చినవే. నేను ప్రతి వాక్యంలోనూ 'వి' అన్నాను. మొదట్లోనే "రాలేకపోయిన నా సహోద్యోగి" అని ఆమె పేరు చెప్పి చప్పట్లు కొట్టించాను. ఎంత పెద్ద మనసు ఈ అమ్మాయిది అనుకుని ఉంటారు. ఆమె 'నేను' కన్నా నా 'మేము' నీచమైనది. ఆమె నన్ను మాటలోంచి తీసేసింది. నేను ఆమెను హాల్లోంచి తీసేసి, మాటలో కూర్చోబెట్టాను.

ప్రొఫెసర్ ఆ సాయంత్రమే రైలెక్కాడు. ఎక్కేముందు నా పేరు అడిగి రాసుకున్నాడు.

ఆదివారం పొద్దున అక్క వచ్చింది. సర్ ఆమెను చూసి తల పట్టుకున్నారు. ఏమైందో అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేకపోయారు, చుట్టూ ఉన్నవాళ్లు కూడా. అక్క నవ్వింది. నాదే పొరపాటు సర్, మీ భాష ఇంకా పట్టుబడలేదు, అంది. నన్ను అడిగానని చెప్పలేదు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "బోర్డు మీద చెప్పినవంట. మూడో వరుస మరువలేదు గద?" అని అడిగింది. లేదన్నాను. తలూపి, వెళ్లి వెనక కుర్చీలో కూర్చుంది. ఆ తర్వాత ఆ విషయం ఆమె ఎత్తలేదు. ఉద్యా అంటే ఏమిటో ఆమెకు అప్పటికి తెలిసిపోయింది. అది నాకు ఎప్పుడూ తెలుసునని కూడా తెలుసు.

దీన్ని క్షమించడం అంటారేమో మీరు. నేననను. ఆమె నా జుట్టు పట్టుకుని అడిగి ఉంటే నేనూ అడిగేదాన్ని. ఆ 'ఐ' బయటికి వచ్చేది, ఇద్దరం ఏడ్చేవాళ్లమో, ఒకరి మొహం ఒకరు చూడకుండా పోయేవాళ్లమో, ఏదో ఒకటి తేలేది. ఆమె నాకు తగువు లేకుండా చేసింది. అది కూడా ఒక దెబ్బే అని కొన్నేళ్లు నాతో నేను వాదించుకున్నాను. నిలబడలేదు. దెబ్బ తగిలిన మాట మాత్రం అబద్ధం కాదు.

స్టాఫ్ రూంలో ఆమెకు ఉద్యా మేడమ్ అని పేరు పడింది. ఎదుటే పిలిచేవారు. ఏడాది చివర భర్తకు రామగుండం వైపు పని దొరికి వెళ్లిపోయింది. పుణె పిలుపు నాకొచ్చింది. డాక్టరేటు, పర్మనెంటు ఉద్యోగం, అన్నీ ఆ తలుపులోంచే వచ్చాయి. మా వ్యాసం ఇద్దరి పేర్లతోనే అచ్చయింది. నా పేరు ముందు వేశాను. ప్రతి పంపాను. జవాబు రాలేదు.

మొన్న హెచ్.ఓ.డి. సర్ రిటైర్మెంట్ సభలో ఆయనే మైకు పట్టుకుని ఉద్యా మేడమ్ కథ చెప్పారు. అందరూ నవ్వారు. నాకూ పళ్లు బయటికి వచ్చాయి, అలవాటు. పక్కనున్న కొత్త లెక్చరర్ ఒకమ్మాయి నవ్వుతూ అంది, "అంత చదువుకున్న మనిషి, ఎవరినన్నా అడగొచ్చు కద మేడమ్?" అని.

అడిగిందమ్మా. అడిగింది.

అక్కడ అనలేకపోయిన ఆ మాట ఇక్కడ రాశాను. దీన్ని చదివి నన్ను మంచిదాన్ని చేయకండి, ఒప్పుకున్నంత మాత్రాన ఆమె పోగొట్టుకున్నది తిరిగి రాదు. ఆమె ఎక్కడుందో కనుక్కుని కాళ్లు పట్టుకోవచ్చు కదా అంటారా? పట్టుకుంటే ఆమె మళ్లీ నవ్వి ఊరుకుంటుందేమోనని భయం. రాసేశాక కొంచెం ఊపిరాడుతోంది. అంతకు మించి నాకేమీ ఒద్దు.

ఉంది, ఇంకొకటి కావాలి. నా తప్పు నేను ఒప్పుకుంటే ఆమెది మాఫీ అయిపోదు. ఆ శుక్రవారం ల్యాబ్‌లో ఆమె ఎదుట ఉన్నది నేనొక్కదాన్నే. 'నేను' అన్న ప్రతిసారీ తలెత్తి నా మొహమే చూసింది. అక్కా, నన్ను చూసే అన్నావా, నేను అక్కడున్నట్టే నీకు తోచలేదా?