తిన్నగా వచ్చిన రోజు

ఆ గుర్రప్పిల్ల కుడి ముంగాలు మోకాలి దగ్గర లోపలికి వంగి పుట్టింది. గుర్రాల కొట్టంలో తల్లీపిల్లలను చూసుకునే వర్జిల్ టాకెట్, కొన్నాళ్ళకు అదే సర్దుకుంటుందనుకున్నాడు. సర్దుకోలేదు.

వేసవిలో డాక్టర్ హాల్‌కం దానికి మత్తిచ్చి, మోకాలికి పైన ఎముక పెరిగే చోట లోపలివైపు ఒక స్క్రూ బిగించాడు. అటు పెరుగుదల ఆగితే బయటివైపు అందుకుంటుంది, కాలు తిన్నగా వస్తుంది. వెళ్తూ ఆయన అన్న మాట వర్జిల్ గుండెలో దిగబడిపోయింది.

"తిన్నగా వచ్చిన రోజే ఫోన్ చెయ్యి. ఎక్కడ ఆగాలో స్క్రూకి తెలీదు. ఆలస్యమైతే కాలు అవతలికి తిరుగుతుంది."

తొందరపడితే పాత వంకర మిగులుతుంది. ఆలస్యమైతే కొత్త వంకర వస్తుంది. ఎటు వంకరైనా, పరుగు పందేనికి పుట్టిన పిల్ల కీళ్ళు నలిగిపోతాయి. వర్జిల్‌కు తిండి సయించలేదు. బీన్స్, మొక్కజొన్న రొట్టె ముందు పెట్టుకుని, పళ్ళెం పక్క ఫోర్కును పదేపదే తిన్నగా సర్దేవాడు. రోజూ పొద్దున్నే తల్లిని సిమెంటు దారి చివర కట్టి, దానికి ముందు గొంతుకూర్చుని, పిల్ల ఎదురు నడిచి వస్తుంటే చూసేవాడు. ఎప్పుడు చూసినా నిన్నటిలాగే కనిపించేది. ఇంకొంచెం రావాలనుకునేవాడు.

గిట్టలు చెక్కే డెన్‌జిల్, వర్జిల్ భార్య ఓపల్‌కు తమ్ముడు. కిందటి నెల రాలేకపోయాడు. ఈసారి వస్తూనే, గుర్రాల గిట్టలకంటే బావ బూట్లే ఎక్కువ అరిగాయని వేళాకోళం మొదలుపెట్టాడు. పిల్ల కుడి ముంగాలు ఎత్తి పట్టుకున్నాక వేళాకోళం ఆపి, గిట్ట అంచును వేలితో తడిమాడు. 

"బావా, ఇది లోపలికి వంగిన కాలే కదా?"

"అదే."

"మరి లోపలి అంచు అరగాల్సింది, బయటి అంచు అరుగుతోందేంటి?"

"పొద్దున్నే చూశాను. ఇంకా రావాలి."

"రోజూ చూస్తున్నావు బావా. కాలుతోపాటే నీ కన్నూ తిరిగిపోయింది."

వర్జిల్ అక్కడి నుంచే డాక్టర్‌కు ఫోన్ చేశాడు. ఆ సాయంత్రమే డాక్టర్ వచ్చి స్క్రూ తీసేశాడు. కాలు కాస్త అవతలికి దాటిందన్నాడు. పెరిగే వయసే కాబట్టి, గిట్ట చెక్కుతూ ఉంటే తిన్నగా రావచ్చు, రాకపోనూవచ్చన్నాడు. వర్జిల్‌ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

నెల తర్వాత డెన్‌జిల్ మళ్ళీ వచ్చి గిట్ట చెక్కి వెళ్ళాక, వర్జిల్ ఓపల్‌ను పిలుచుకొచ్చాడు. ఆమెకు గుర్రాలంటే భయం, ఎప్పుడూ కొట్టం వైపు రాలేదు. సిమెంటు మీద గొంతుకూర్చోబెట్టాడు.

"ఏం చూడాలి?"

"చెప్పను. చెబితే నా కళ్ళతో చూస్తావు."

పిల్ల ఆమెకు ఎదురుగా నడిచి వచ్చింది. వర్జిల్ పిల్లను చూడలేదు, ఆమె ముఖాన్నే చూస్తున్నాడు. ఆమె చాలాసేపు కళ్ళు చిట్లించి చూసింది.

"వీటిలో చెడ్డ కాలు ఏది?" అంది.

అప్పటికీ వర్జిల్‌కు కిందికి, పిల్ల కాళ్ళ వైపు చూసే ధైర్యం రాలేదు.