గురిగింజ ఎత్తు మాత్ర

ఇవాళ పొద్దున మా అమ్మాయి కాలేజీలో సెమినార్ ఉందని అస్టాటిన్ అనే మూలకం గురించి నాకు అప్పజెప్పింది. అయోడిన్‌కు చుట్టమేనట. భూమి మొత్తం గాలించినా మూడు తులాలు కూడా ఉండదట, ఉన్నదాంట్లో సగం ఎనిమిది గంటల్లో ఇంకోటిగా మారిపోతుందట. తను గ్రాముల్లోనే చెప్పింది, తులాల్లోకి మార్చుకున్నది నేను. అవుసుల ఇంట్లో పుట్టినవాళ్లకు ఆ రోగం పోదు.

బాపు కోరుట్లలో బంగారం పని చేసేవాడు. గ్రాముల రాళ్లున్నా పక్కన గురిగింజల డబ్బీ ఉండాల్సిందే. ఎనిమిది గింజలు ఒక మాషం, పన్నెండు మాషాలు ఒక తులం. ఎక్కాలకంటే ముందు మాకు వచ్చిన లెక్క అది. తూచేటప్పుడు ఫ్యాన్ బంద్. తుమ్ము వచ్చినా బయటికి పరుగెత్తాలి.

అమ్మకు గొంతు బొంగురుపోయి, మొహం ఉబ్బి, కూర్చున్నచోటే కునుకుతుంటే జగిత్యాల డాక్టరు థైరాయిడ్ మాత్రలు రాశాడు. డబ్బా మీద యాభై మైక్రోగ్రాములని ఉంది. బాపు ఒక మాత్రను కాటాలో పెడితే సరిగ్గా గురిగింజ ఎత్తు తూగింది. నాతో లెక్క చేయించి, రెండు వేల పాళ్లకు పైగా సుద్ద, ఒక్క పాలు మందు అని తేల్చాడు. బంగారంలో రాగి ఎంతుందో చూస్తూ బతికిన మనిషి మరి. “గింత కల్తీ మాలు నా ఇంట్ల నడువది” అని డబ్బాను అటకెక్కించాడు. రెండు నెలలు అమ్మ మా కళ్లముందే వాడిపోయింది. నాకిప్పటికీ కోపం వస్తుంది, నా మీద కూడా. సున్నాలు వేసిచ్చింది నేనే కదా.

ఒకరోజు బాపు ముక్కుపుల్ల తూస్తుంటే అమ్మ గోడ పట్టుకుని వచ్చి ఎదురుగా కూలబడింది. ఆయాసానికి కాటా ఊగింది.

“జెర పక్కకు జరుగు, నీ ఊపిరి తాకుతాంది” అన్నాడు బాపు.

“ఏమయ్యా, నా ఊపిరి ఎన్ని గురిగింజలు తూగుతది? గదానికే నీ కాటా కదిలె. గా మందు నన్ను కదిలియ్యదా?” అంది అమ్మ.

బాపు స్టూలు వేసుకుని డబ్బా దించాడు. మర్నాటి నుంచి పరగడుపున మాత్ర తనే ఇచ్చేవాడు, బంగారానికి చేసినట్టే ముందు ఫ్యాన్ బంద్ చేసి. నెలలు తిరిగేసరికి అమ్మ గొంతు లేచింది. లేచిన గొంతుతో మొదట తిట్టింది బాపునే.

బాపు పోయాక అమ్మ సిరిసిల్లలో నా దగ్గరే ఉంటోంది. ఇవాళ కూడా మాత్ర తీసే ముందు ఫ్యాన్ బంద్ చేసింది.

“ఉక్కపోస్తాంది అమ్మమ్మా!” అని మా అమ్మాయి అరిచింది.

“జెర ఆగు బిడ్డా, మీ తాత అలవాటు.”

ఎనిమిది గంటల్లో సగమైపోయేవీ ఉన్నాయి లోకంలో. బాపు పోయి ఇన్నేళ్లయినా, ఫ్యాన్ ఆగిన ఆ నిమిషం మాత్రం గురిగింజంత కూడా తగ్గలేదు.