గార్డు తాత చెడ్డమాట

ఆ రోజుల్లో ఇంటర్నెట్టు జేబుల్లో ఉండేది కాదు. గుంతకల్లులో అది స్టేషన్ రోడ్డు మీద ఒక గదిలో ఉండేది, దాన్ని చూడాలంటే చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. ఇప్పుడు తలుచుకుంటే నాకే విచిత్రంగా ఉంటుంది గానీ, ఆ గది తాళంచెవి నా కొంగుకు వేలాడుతూ ఉండేది. నెట్ సెంటర్ పెట్టింది మా అక్క మొగుడు, అంటే మా బావ. నేను బి.కాం. ముగించి, ఏ ఉద్యోగమూ రాక, ఇంట్లో చెనిక్కాయలు ఒలుస్తూ కూర్చుని ఉంటే, "ఈ పాప ఊరికే కూచోనుండాది, ఆ కూచునేదేదో నీ కౌంటర్లో కూచోనీ" అని మా నాయన నన్ను బావకు అప్పగించాడు. కంప్యూటర్లకు చల్లదనం కావాలని ఎవరో చెబితే బావ ఒక కూలర్ తెచ్చాడు. అది బిందెలకు బిందెలు నీళ్ళు తాగేది. ఊళ్ళో మేమంతా ట్యాంకరు కోసం ఖాళీ బిందెలు వరసలో పెట్టుకుని ఎదురుచూసే ఎండాకాలం అది. "మనుషులకు లేని నీళ్ళు నీ మిషన్లకు పోస్తావా" అని మా అక్క వచ్చి ఆ కూలర్‌ను రిక్షాలో ఇంటికి తీసుకుపోయింది. అప్పటినుంచి కంప్యూటర్లూ నేనూ సమానంగా ఉడికేవాళ్ళం.

మొదట్లో ప్రతి కంప్యూటరుకూ చుట్టూ ప్లైవుడ్ గది, దానికి తలుపు, లోపల గడియ ఉండేవి. ఒకరోజు కొందరు తల్లిదండ్రులు పోలీసు స్టేషన్‌కు పోయి, పిల్లకాయలు నెట్ సెంటర్లలో చెడిపోతున్నారని చెప్పుకున్నారు. ఎస్సై గారు బావను పిలిపించి, "తలుపులు పీకేయల్ల. చెడ్డవి ఏవీ కనపడగూడదు. ఎట్ల చేస్తావో నాకు తెలీదు" అన్నాడు. బావ తలుపులు పీకించాడు. మరుసటి వారానికే అమ్మాయిలు రావడం మానేశారు. తలుపులు లేకపోయేసరికి, వాళ్ళు ఏం టైపు చేస్తున్నారో చూడడానికి వీధిలోని కుర్రాళ్ళంతా మెడలు చాచేవాళ్ళు. "తలుపుంటే మగపిల్లోళ్ళు చెడిపోతారంట, లేకుంటే ఆడపిల్లోళ్ళు రారంట. నేనేం చెయ్యల్ల పాపా?" అని బావ నన్ను అడిగాడు. (ప్రభుత్వాలకే తేలని సంగతి బి.కాం. చదివిన మరదలికి తేలుతుందని ఆయన నమ్మకం.) నేను బాగా ఆలోచించి, తలుపులను సగానికి కోయించమన్నాను. వడ్రంగి కోసిపెట్టాడు. ఇక బయటినుంచి చూస్తే తలలూ కాళ్ళూ మాత్రం కనిపించేవి. ఎవరి మర్యాద ఎక్కడ ఉందో తెలియకపోయినా, అందరూ ఒప్పుకున్నారు.

మిగిలింది చెడ్డవి కనపడకుండా చేయడం. బెంగుళూరులో ఉన్న స్నేహితుడి దగ్గరనుంచి బావ ఒక సీడీ తెచ్చాడు. అందులోని సాఫ్ట్‌వేర్‌కు మనం చెడ్డమాటలు నేర్పిపెడితే, ఏ పేజీలో ఆ మాట ఉన్నా అది తెరుచుకోదు. దాని బదులు ఎర్రటి తెర వచ్చి, మనం ముందుగా రాసిపెట్టుకున్న హెచ్చరిక కనిపిస్తుంది. అయితే ఏవి చెడ్డమాటలో ఎవరు చెప్పాలి? తానే చెబితే రేపు ఊరు తనను పట్టుకుంటుందని బావకు భయం. అందుకని పెద్దమనుషులను ఇద్దరిని కూర్చోబెట్టాడు. ఒకాయన హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన తెలుగు సార్. ఇంకొకాయన గూడ్సు బండ్లలో గార్డుగా పనిచేసి రిటైరై, మా సెంటరుకు ఎదురింట్లో ఉండే గార్డు తాత. రిటైరైనా ఆయన తెల్ల ప్యాంటు వదల్లేదు, జేబులో ఈల వదల్లేదు.

ఇంటర్మీడియట్ ఫలితాలు రేపు వస్తాయనగా ఆ సాయంత్రం కమిటీ కూర్చుంది. టైపు చేయవలసిందాన్ని నేను. పెద్దలిద్దరూ నన్ను చూశారు, ఒకరినొకరు చూసుకున్నారు, గొంతులు సవరించుకున్నారు. చాలాసేపు ఒక్క చెడ్డమాటా బయటికి రాలేదు. చివరికి గార్డు తాత, "పాప ఉండాది గదప్పా" అని గొణిగాడు. నన్ను టీ తెమ్మని పంపించారు. నేను తిరిగి వచ్చేసరికి తెలుగు సార్ గోడవైపు తిరిగి నిలబడి, సంస్కృత సమాసాలలో ఏవేవో చెబుతున్నారు. బావ కీబోర్డు ముందు నోరు తెరుచుకుని కూర్చున్నాడు. "సార్, ఇవి బానే ఉండాయి గానీ, ఇంగ్లీషులో ఏమంటారు?" అన్నాడు. "నాకెట్లా తెలుస్తుంది నాయనా, నేను తెలుగు పండితుణ్ణి" అన్నారు సార్. ఆఖరికి బావే నాలుగు మాటలు ఒంటివేలితో కొట్టుకుని, అవి తనకెలా తెలుసో ఎవరూ అడగకముందే టీ అందుకున్నాడు.

అప్పుడు గార్డు తాత కుర్చీలో ముందుకు జరిగి, "ఒకటి మరిచినారు. దాన్ని మించిన చెడ్డమాట ఇంగ్లీషులో లేదు. పాప ముందర గూడా చెప్తా, ఎందుకంటే అది నన్ను అన్న మాట" అన్నాడు. ఆయన సర్వీసులో ఒక దొర ఉండేవాడట. బండి ఆలస్యమైనా, వాన రాకపోయినా, దొర మొదట తిట్టేది తాతనేనట. ఆ మాటను తాత అక్షరం అక్షరం పలికాడు: ఏ, ఎస్, ఇంకొక ఎస్. నేను ఆగాను. "తాతా, అది గాడిద గదా" అన్నాను. "గాడిదను అంటే తప్పు లేదు పాపా. నన్నెందుకనల్ల?" అన్నాడు. టైపు చేశాను.

ఇక ఆ మాటలను ఎవరో ఒకరు తమకు తోచినట్టు మార్చేయకుండా తాళం కావాలన్నారు తెలుగు సార్. తాళం మాట సగం సార్‌కు, సగం తాతకు తెలిసేటట్టు పెట్టాం. ఒకరు కొడుతుంటే మిగతా వాళ్ళమంతా అటు తిరిగాం. ఎర్ర తెర మీది హెచ్చరిక సార్ చెప్పారు: "ఈ పుట అసభ్యము. చూడరాదు." ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు అక్షరాలు రావు కాబట్టి ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాను. సార్ చాలా బాధపడ్డారు, కానీ సభ్యత కోసం ఓర్చుకున్నారు.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి జనం రోడ్డు దాకా ఉన్నారు. ఆ కాలంలో ఫలితం కావాలంటే హాల్‌టికెట్టు పట్టుకుని మా దగ్గరికే రావాలి. మోడెం కీచుమని అరిచి, అరిచి, లైను పట్టుకుంది. మొదట స్టేషన్ రోడ్డులో పొద్దంతా సైకిళ్ళ మీద తిరిగే కుర్రాళ్ళు చొరబడ్డారు. నెంబర్లు కొట్టాను, పేజీలు చక్కగా తెరుచుకున్నాయి. అంతా ఫెయిలు. వాళ్ళు పెద్దగా బాధపడకుండా టీ తాగడానికి పోయారు. తర్వాత ఒక కళ్ళద్దాల పిల్లవాడు వచ్చాడు. ఎర్ర తెర. నెట్టు సరిగా లేదేమో అనుకుని, పక్కన కూర్చోమన్నాను. ఆ తర్వాత ఇంకొక పిల్లకూ ఎర్ర తెరే.

అప్పుడు వచ్చారు ఒక నాయనా కూతురూ, వజ్రకరూరు వైపు పల్లెనుంచి. ఆయన భుజం మీద తువ్వాలు, చేతిలో బట్టల సంచి. కుర్చీ ఇస్తే కూర్చోలేదు. "పాసైతే అనంతపురంలో డిగ్రీకి చేరుస్తానని మాటిచ్చినా తల్లీ. లేకుంటే మధ్యాన్నం బండికి బెంగుళూరు పోతాది. గుడ్డలు కుట్టే ఫ్యాక్టరీలో పని. మా ఊరామె స్టేషన్లో కూచోనుండాది, ఈ పాపను తోడుకోని పోనీకె" అన్నాడు. వరసగా చేలు ఎండిపోయిన ఇంటి మనిషి. గొంతులో కోపం లేదు, కూతురి ముఖం వైపు మాత్రం చూడడం లేదు. ఆ పిల్ల నెంబరు చెప్పింది. కొట్టాను. తెర ఎర్రగా వెలిగింది.

"ఏముండాది? చదువు" అన్నాడాయన. ఆ పిల్ల ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుంటూ పైకే చదివింది: "ఈ పుట అసభ్యము. చూడరాదు."

ఆయన కూతుర్ని చూశాడు, తెరను చూశాడు, నన్ను చూశాడు. "మా పాప నెంబరు కొడితే అసభ్యమంటాదేందమ్మా? ఏం రాసొచ్చినావే నువ్వు పరీచ్ఛలో?" ఆ పిల్ల, "తెలుగులో అడిగినవే రాసినా నాయనా" అని ఏడుపు మొదలుపెట్టింది.

నాకు అప్పుడు వెలిగింది. తెరుచుకున్న పేజీలన్నీ ఫెయిలైనవాళ్ళవి. ఇంగ్లీషులో 'పాస్' రాసి చూసుకున్నాను. మొదటి అక్షరం తీసేస్తే మిగిలేది గార్డు తాతను దొర తిట్టిన మాట. మా సాఫ్ట్‌వేర్‌కు మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు, ఆ మూడక్షరాలూ పక్కపక్కన కనిపిస్తే చాలు, అసభ్యమే. (ఆ పొద్దున ఒక్కరైనా మెయిల్ చూసుకోవడానికి వచ్చుంటే ముందే బయటపడేది, 'పాస్‌వర్డ్'లోనూ అదే కూర్చుని ఉంది.) "అన్నా, ఎర్రగా వస్తే పాసైనట్టే" అన్నాను.

వెనక ఉన్న జనం ఎంత తొందరగా నమ్మారో చెప్పలేను. కళ్ళద్దాల పిల్లవాడు అక్కడే చిన్నగా గెంతాడు. వరసలో ఉన్న ఒకామె కళ్ళు మూసుకుని, "కసాపురం ఆంజనేయస్వామీ, మా వానిది అసభ్యం చెయ్యి, నీకు వడమాల ఏపిస్తా" అని మొక్కుకుంది. తర్వాతి నెంబరుకు పేజీ తెల్లగా తెరుచుకునేసరికి అందరూ "అయ్యో" అని నిట్టూర్చారు. కానీ ఆ రైతు మాత్రం కదల్లేదు. "నువ్వు మంచిదానివే తల్లీ. పాప ఏడుస్తాందని చెప్తాండావు. కంప్యూటరు ఒకటి చూపిస్తాండాది, నువ్వొకటి చెప్తాండావు. నేను దేన్ని నమ్మల్ల? నాకు పాసని కండ్లకు కనపడల్ల" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

మాట తీసేయాలంటే తాళం కావాలి. తాళం రెండు ముక్కలై రెండు ఇళ్ళలో ఉంది. బావ స్కూటరు మీద తెలుగు సార్ కోసం పరిగెత్తాడు. నేను రోడ్డు దాటి గార్డు తాతను పిలుచుకొచ్చాను. దారిలోనే సంగతంతా చెప్పాను. ఆయన సెంటర్లోకి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, "తీసేది లేదు" అన్నాడు. "అది చెడ్డమాటే. నిన్న అందరూ ఒప్పుకున్నారు. ఈపొద్దు అవసరమొచ్చిందని మంచిదైపోతాదా?"

స్కూటరు దిగి ఆయాసపడుతూ వచ్చిన తెలుగు సార్ నచ్చజెప్పబోయారు. "గార్డు గారూ, పాస్ అనే పదంలో అది దాక్కుని ఉంటే ఆ తప్పు ఆంగ్లేయులది, ఈ పిల్లది కాదు." తాత వినలేదు. "సార్, మీ బళ్ళో మిమ్మల్ని ఎవురూ ఆ మాట అన్లేదు. మీకు తెలీదు." బావ స్టేషన్ వైపు చూశాడు. బండి వచ్చే వేళవుతోంది. అది ఏ ప్లాట్‌ఫారం మీదికి ఎప్పుడు వస్తుందో మాలో అందరికంటే బాగా తెలిసినవాడు ఆ తాతే.

అప్పటిదాకా నాయన తువ్వాలు అంచుతో కళ్ళు తుడుచుకుంటున్న ఆ పిల్ల తలెత్తింది. నాయన చాటునుంచి ముందుకొచ్చి, "తాతా, మిమ్మల్ని ఆ మాటన్న దొర యాడుండాడు ఇప్పుడు?" అని అడిగింది. తాత తడబడ్డాడు. "యాడుంటాడు పాపా, ఎప్పుడో దేశం ఇడిసిపెట్టి పోయినాడు. బతికుండాడో లేదో" అన్నాడు. "ఆయప్ప పోయినాడు గదా తాతా. నేను ఈడ్నే ఉండాను" అంది ఆ పిల్ల.

తాత కుర్చీ లాక్కుని కీబోర్డు ముందు కూర్చున్నాడు. మేమంతా మర్యాదగా అటు తిరిగాం. కాసేపటికి, "పాపా, ఈ డబ్ల్యూ యాడ పెట్టినార్రా?" అన్నాడు గట్టిగా. ఇంకాసేపటికి, "హెచ్ యాడ?" అన్నాడు. ఆ తర్వాత ఒక్కొక్క అక్షరం కోసం అలాగే అడుగుతూ పోయాడు. మేము అటు తిరిగి నిలబడే, తాళంలో సగం ఈలకు ఇంగ్లీషు మాట, 'విజిల్' అని గుంతకల్లు మొత్తం తెలుసుకుంది. సార్ వంతు ఇంకా కష్టమైంది. ఆయన తనకిష్టమైన 'ఉత్వసంధి'ని తాళంగా పెట్టుకున్నారు, కానీ ఇంగ్లీషులో తకారానికి పక్కన 'హెచ్' వేశారో లేదో గుర్తు లేదు. వేసి చూశారు, తెరుచుకోలేదు. తీసి చూశారు, తెరుచుకోలేదు. ధకారానికి వేయలేదని చివరికి జ్ఞాపకమొచ్చింది. "ఆ లిపిలో సంధి కుదరదు నాయనా" అన్నారు చెమట తుడుచుకుంటూ.

మాట తీసేశాను. నెంబరు మళ్ళీ కొట్టాను. పేజీ నిదానంగా పైనుంచి కిందికి తెరుచుకుంటూ వచ్చింది: పేరు, మార్కులు, అట్టడుగున పాస్, ఆ పక్కన ఫస్ట్ క్లాస్. (క్లాసులోనూ దొర మాట ఉంది. ఎంత బాగా చదివితే అంత అసభ్యమన్న మాట.) ఆయన ఆ ఇంగ్లీషు అక్షరాలను చదవలేడు. అయినా వంగి, తెరకు ముఖం దగ్గరగా పెట్టి, చాలాసేపు చూశాడు. తర్వాత కూతురి తలమీద చెయ్యేసి, మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "నువ్వు ఈడ్నే కూచో. ఆమెను ఒక్కదాన్నే పొమ్మని చెప్పొస్తా" అని స్టేషన్ వైపు పోయాడు, పోతూ పోతూ బట్టల సంచి ఆ పిల్ల ఒళ్ళో పెట్టి. తిరిగి వచ్చాక నన్ను పక్కకు పిలిచి, "ఇందాకటి ఎర్రది గూడా ఒకటి అచ్చేసియ్యమ్మా. ఊర్లో చెప్తే ఎవురూ నమ్మరు" అన్నాడు. అప్పటికి ఎర్రది పోయింది. నేను ఇవ్వలేకపోయాను, ఆ ఒక్కటీ నాకిప్పటికీ కొరతే.

ఫలితాల హడావుడి తగ్గాక గార్డు తాత తన మాటను మళ్ళీ చేర్చమని అడిగాడు. మెయిళ్ళేవీ తెరుచుకోవని బావ చేతులు జోడించి చెప్పాడు. చాలాసేపు చర్చ జరిగి చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఆ మాట కంప్యూటరు తెర మీద కనపడొచ్చు, కానీ మా సెంటర్లో ఎవరూ నోటితో అనకూడదు. ఆ నియమాన్ని ఊళ్ళో అందరూ పాటించారు. (అసలు ఎవరికీ ఆ మాటతో పని పడలేదు, అది వేరే సంగతి.) కొన్నేళ్ళకు నెట్టు ఫోన్లలోకి దూరింది, ఆ కోసిన తలుపులు పొయ్యి కట్టెలకింద పోయాయి, బావ ఆ గదిలో చెప్పుల కొట్టు పెట్టాడు.

ఇప్పుడు నేను అనంతపురంలో ఉంటున్నాను. మా అబ్బాయి బడిలో తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడల్లా పిల్లల ఫోన్లకు ఏ తాళం వేయాలి, ఏవి చూడనివ్వాలి, ఏవి కూడదు అని చదువుకున్నవాళ్ళంతా గట్టిగా వాదించుకుంటారు. అందరి మాటలూ సబబుగానే తోస్తాయి. నేను వెనక బెంచీలో కూర్చుని ఏమీ అనకుండా ఇంటికొస్తాను. ఆ దారిలో ఒక్కోసారి ఆ కౌంటరు వెనక ఒకప్పుడు నేనుగా కూర్చున్న పిల్ల కళ్ళముందుకొస్తుంది. జడలో కనకాంబరాలు, చేతిలో విసనకర్ర, గుంతకల్లు మర్యాదంతా తన వేలికొసల మీదే నిలబడి ఉందన్న నమ్మకంతో వీపు నిటారుగా పెట్టుకుని ఉంటుంది. దానికేమీ తెలియదు, తెలియదన్న సంగతీ తెలియదు. ఎవరేమడిగినా జవాబు మాత్రం చెప్పేది. నవ్వొస్తుంది. ఆ నవ్వు ఆగాక, నాకు కాస్త దాని మీద అసూయగానే ఉంటుంది.