మెల్లగా నడిచే ఇంజను

ధర్మవరం జంక్షన్‌లో చెన్నప్ప పాయింట్స్‌మన్. వచ్చే రైలు ఏ లైను మీదికి పోవాలో ఆ లైనుకు పట్టాలు కలపడం ఆయన పని. పగలంతా పెద్ద రైళ్ళకు దారి చూపి, సాయంత్రం ప్యాసింజరెక్కి పెనుకొండలో దిగి, కాళ్ళు కడుక్కుని మళ్ళీ చిన్న రైళ్ళ ముందు కూర్చునేవాడు. "పొద్దంతా చేసిన పని చాల్లేదా నీకు?" అని భార్య పార్వతమ్మ అంటే, "అవి సర్కారువి. ఇవి మనవి" అని నవ్వేవాడు.

పాత ఇల్లు పడగొట్టినప్పుడు మిగిలిన రెండు టేకు తలుపులను కొసకు కొస కలిపి, ముందుగదిలో బల్లలా వేసి, దాని మీద పట్టాలు పరిచాడు. ఒక కొసన హిందూపురం, నడుమ పెనుకొండ, అవతలి కొసన ధర్మవరం. హిందూపురం మార్కెట్టు అని మొదట నిజం చింతపండే చిన్న చిన్న కుప్పలుగా పెట్టాడు. చీమలు బారులు కడితే పార్వతమ్మ తిట్టి తీయించి, ఇటుక పొడి పోయించింది. ధర్మవరంలో అగ్గిపుల్లలు నాటి వాటి మధ్య రంగురంగుల పట్టుపోగులు ఆరేశాడు. పెనుకొండ కొండను గోనెపట్టతో, సిమెంటుతో లేపి, కింద సొరంగం పెట్టాడు.

"మన కొండకు సొరంగం యాడుండాది?" అందామె.

"రెండు తలుపులు కలిసిన సందు కనపడకూడదని కొండ పెట్టినానే. కొండ పెట్టినాక రైలు యాడ పోవల్ల మరి, ఎగిరి దూకల్లనా?"

అన్నీ కుదిరాయి, ఇంజను ఒక్కటే కుదరలేదు. ఆయన దగ్గరున్నది వేగంగా నడిపితే గిర్రున పోయేది. మెల్లగా నడిపితే కుంటి దున్నపోతులా ఎగిరెగిరి పడేది. పెనుకొండ స్టేషనులో లైను రెండుగా చీలే చోటికి వచ్చేసరికి తప్పకుండా మొరాయించేది. చెన్నప్ప వేలితో వెనకనుంచి తోసేవాడు. తోసిన ప్రతిసారీ ముఖం చిన్నబుచ్చుకునేవాడు.

"పరిగెత్తిస్తే ఏ ఇంజనైనా పరిగెత్తుతాది పార్వతీ. మెల్లగా నడిపిస్తేనే దాని గుణం తెలిసేది. గూడ్సు బండి మాదిరి, నిదానంగా, హిందూపురంలో బయల్దేరి ధర్మవరం దాకా యాడా నిలబడకుండా పోవల్ల. ఒక్కసారి అట్లా చూస్తే చాలు నాకు."

చూడకుండానే పోయాడు. తొంభై ఎనిమిది ఎండాకాలంలో, డ్యూటీకని బయల్దేరి గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ గుండె పట్టుకుని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు.

పార్వతమ్మ పెద్దగా ఏడ్చే మనిషి కాదు. వచ్చినవాళ్ళు వచ్చారు, పోయినవాళ్ళు పోయారు. ఇల్లు చప్పుడు లేకుండా అయింది. పొద్దున ఇల్లూడ్చాక ఆయన వాడిన గుడ్డతోనే పట్టాలు తుడిచేది. దుమ్ము పడితే పట్టాలు నల్లబడతాయనీ, నల్లబడితే చక్రాలకు కరెంటు అందదనీ ఆయన చెప్పి ఉన్నాడు.

ఏడాది దినం అయిన మరునాడు మరిది అంజనప్ప తలుపుల విషయం కదిపాడు. మడకశిరలో ఇల్లు కడుతున్నాడు, వాకిళ్ళు నిలబెట్టే పని దాకా వచ్చింది.

"వదినా, నువ్వు వేరేగా అనుకోవద్దు. ఆ తలుపులు మా తాత చేయించినవి. అన్న ఉన్నన్నాళ్ళూ నేను నోరు తెరవలేదు. ఇప్పుడా బొమ్మల రైలు ఎవరికి? తలుపులు ఇంటికుండల్ల గానీ, రైలు కిందనా?"

అతని మాటలో తప్పు లేదు. అదే ఆమెకు కష్టమైంది. తప్పుంటే పోట్లాడి ఉండేది. కాసేపు ఆ గోనెపట్ట కొండ వైపే చూసి అంది:

"దసరాకు రా అబ్బయ్యా. మీ అన్న అనుకున్నట్ల ఈ కొస నుంచి ఆ కొసకు రైలు మెల్లగా, యాడా ఆగకుండా పోవల్ల. ఆగిందంటే నేనే ఒక పక్క పట్టి నీ తలుపులు మోపిస్తా. పోయిందంటే మాత్రం ఇంక తలుపుల మాట నాతో ఎత్తగూడదు."

అంజనప్ప నవ్వు ఆపుకోలేకపోయాడు. "అన్న చేతిలోనే పోని రైలు నీ చేతిలో పోతాదా వదినా? సరేలే. దసరాకు తాడు తెచ్చుకుంటా."

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. మరుసటి బుధవారమే హిందూపురం బస్సెక్కింది.

హిందూపురంలో గడియారాలు బాగుచేసే పౌలు అంగడి ఉంది. చెన్నప్పకున్న పిచ్చే పౌలుకూ ఉంది. బెంగళూరులో పాత బొమ్మ ఇంజన్లు అమ్మేవాళ్ళు అతనికి తెలుసు. పట్టాలైనా, రైలు పెట్టెలైనా చెన్నప్పకు అతనే తెప్పించి ఇచ్చేవాడు. సంగతి విని పౌలు కంటికున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"మూడు నాలుగు తెప్పిస్తానమ్మా. అయితే ఒక మాట. ఎంచేది నేను గాదు. నువ్వే ఎంచల్ల."

"నాకేం తెలుసు పౌలన్నా? నాలుగో తరగతితో ఆపేసినదాన్ని."

"సంగటి ముద్ద కుదిరిందో లేదో చూసేదానికి ఎన్నో తరగతి చదవల్లమ్మా? కంటితో చూడు, చెవితో విను. అంతే."

రెండు వారాలకు కబురొచ్చింది. పౌలు అంగడి వెనక గదిలో ఒక పలక మీద బారెడు పట్టాలు, నడుమ లైను చీలే ముక్క ఒకటి బిగించి పెట్టాడు. పక్కనే కరెంటు ఎక్కువ తక్కువ చేసే డబ్బా, దానికి తిప్పే మర ఒకటి.

మొదటిది ఆవిరింజను. నల్లగా నిగనిగలాడుతూ, ఎర్రటి చక్రాలు, ఇత్తడి గంట. పార్వతమ్మకు చూడగానే మనసైంది. చెన్నప్ప చిన్నప్పుడు చూసిన ఇంజన్లు అట్లాంటివే అని చెప్పేవాడు. మర పూర్తిగా తిప్పితే మెరుపులా పోయింది. సన్న సెగకు తెచ్చినట్టు తగ్గించి చూసింది. నిలబడింది. కాస్త పెంచింది. ఎగిరి దూకింది.

"ఇది పెండ్లిలో అలంకారానికి బాగుంటాది. వంటకు పనికిరాదు" అని పక్కన పెట్టింది.

రెండోది నీలిరంగు డీజిలింజను. చేతికి తీసుకుంటే ఖాళీ అగ్గిపెట్టెలా ఉంది. మెల్లగానే కదిలింది గానీ లోపల మిక్సీలో ఎండుమిరపకాయలు వేసినట్టు గరగరమంది. రెండు పెట్టెలు తగిలిస్తే చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. లైను చీలే చోట మొత్తానికే ఆగిపోయింది.

"ఆడ ఎందుకు నిలబడతాదో చూడు" అన్నాడు పౌలు. పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట గోరంత ప్లాస్టిక్ ముక్క ఉంది. "దీని మీద కరెంటుండదు. ఇంజనుకు రెండు చక్రాలతోనే కరెంటు అందితే, ఆ రెండూ దీని మీదికొచ్చినప్పుడు ప్రాణం పోతాది. అన్ని చక్రాలతోనూ అందితే ఒకటి కాకుంటే ఇంకోటి పట్టుకుంటాది."

చెన్నప్ప ఏళ్ళ తరబడి వేలితో తోసింది ఈ గోరంత ముక్క మీదనా అనుకుందామె. మూడోది ఇమ్మని చెయ్యి చాపింది.

మూడోది చూడ్డానికి ఏమీ లేదు. మాసిన ఇటుకరంగు, మూలల్లో పెచ్చులూడిన పూత. చేతిలో పెట్టగానే చెయ్యి కిందికి దిగింది, అంత బరువు. మర గోరంత తిప్పింది. ఇంజను కదిలిందో లేదో తెలియలేదు. చక్రం మీదున్న గీతను గమనిస్తే తిరుగుతోంది. పలకకు చెవి ఆనించింది. సన్న సెగ మీద పాలు కాగేటప్పటి చప్పుడు. పెట్టెలు తగిలించింది, అదే నడక. చీలే చోటికి వచ్చింది, దాటింది. సగం దారిలో మర కట్టేస్తే ఠక్కున ఆగకుండా కొంచెం ముందుకు సాగి, నిదానంగా నిలబడింది. ముందుకూ వెనక్కూ పదేపదే నడిపించింది. పౌలు టీ తెప్పిస్తే ఆ టీ చల్లారిపోయింది.

"ఇదే పౌలన్నా."

"రంగు బాగలేదే?"

"రంగు చూసి ఎంచితే మొదటిదాన్నే ఎంచల్ల. ఆయనకు కావల్సింది నడక."

ఇంటికి తెచ్చి, రోజూ వంటయ్యాక కొద్దిసేపు నడిపేది. పౌలు చెప్పినట్టు ఇరుసుల దగ్గర సూదిమొన అంత నూనె, అంతకుమించి చుక్క కూడా కాదు. దసరా దగ్గరపడేసరికి ఇంజను హిందూపురంలో బయల్దేరి సొరంగం దూరి ధర్మవరం చేరడం ఆమె చాలాసార్లు చూసింది. కానీ చూసినవాళ్ళు వేరే ఎవరూ లేరు.

ఆయుధపూజ నాడు అంజనప్ప భార్య కుళ్ళాయమ్మతో దిగాడు. చంకలో నిజంగానే కొత్త తాడు చుట్ట. ఏడాది తర్వాత ఆ ఇంట్లో అదే మొదటి పండగ. పార్వతమ్మ ఓళిగలు కాల్చే పని పెట్టుకుని వంటింట్లోనే ఉండిపోయింది. పూజకు రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు. పూజ తోడికోడలే చేసింది. చెన్నప్ప సుత్తి, పానాలతో పాటు ఇంజనుకూ చేసింది. హారతి గంట వినబడినప్పుడు పార్వతమ్మ పెనం మీది ఓళిగను మాడనిచ్చింది.

భోజనాలయ్యాయి. అందరూ బల్ల చుట్టూ చేరారు. పార్వతమ్మ ఇంజను మీది బంతిపూలు తీసి పక్కన పెట్టింది. మర గోరంత తిప్పింది.

ఇంజను కదల్లేదు. ఇంకాస్త తిప్పింది. ఒక్క ఎగురు ఎగిరి, హిందూపురం చింతపండు కుప్పలు కూడా దాటకుండానే నిలబడిపోయింది.

"కరెంటు పోయిందా?" అంజనప్ప తలెత్తి చూశాడు. బల్బు వెలుగుతూనే ఉంది.

మళ్ళీ తిప్పింది. మళ్ళీ ఎగురు, మళ్ళీ ఆగడం. అచ్చం పాత ఇంజనే. కుళ్ళాయమ్మ ముఖం పాలిపోయింది. "నా చేతి పూజ మంచిది గాలేదేమో అక్కా" అంది కళ్ళనీళ్ళతో. అంజనప్ప తాడు విప్పసాగాడు.

పార్వతమ్మకు అనుమానమొచ్చింది. తప్పు ఎంచానా? రోజూ నడిచిందనుకున్నది, నేను కోరుకున్నాను కాబట్టి అట్లా అనిపించిందా? అయినా చెయ్యి మర మీదినుంచి తీయలేదు. వంగి బల్లకు చెవి ఆనించింది. పాలు కాగే చప్పుడు అట్లాగే ఉంది, తెగి తెగి వస్తోంది, అంతే.

"గొంతు బాగానే ఉండాది. కాళ్ళకే ఏమో అయింది" అని ఇంజనును తీసి వెల్లకిలా తిప్పింది.

చక్రాలన్నీ పచ్చగా, ఎర్రగా ఉన్నాయి. పసుపు, దాని మీద కుంకుమ, ఆ రెండింటినీ పేస్టు చేసిన నిమ్మకాయ రసం. పట్టాల మీద కూడా జానెడు దూరం అదే.

"ఏం చేసినావే కుళ్ళాయమ్మా?"

"ఏం చేసినా? అందరూ చేసేదే. మా ట్రాక్టరుకు చక్రాలకు పూసి, నిమ్మకాయలు తొక్కించమా? ఇది తొక్కితే కాయ నలగలేదు. అందుకే కోసి, రసం నేనే చక్రాలకు రుద్దినా. తక్కువ పూస్తే పూజ ఎట్లయితాది?"

పార్వతమ్మకు నవ్వొచ్చింది. ఏడాదిన్నర తర్వాత ఆ ఇంట్లో ఆమె నవ్వు వినబడడం అదే మొదలు. ఆ నవ్వుకు బెదిరినట్టు అంజనప్ప తాడు కింద పెట్టాడు.

పౌలు ఇచ్చిన స్పిరిట్ సీసా తెచ్చింది. చెన్నప్ప గుడ్డ తడిపి చక్రం చక్రం తుడిచింది. గుడ్డ ఎర్రబడింది, ఆమె వేళ్ళూ ఎర్రబడ్డాయి. వేళ్ళు కడుక్కోవడానికి లేవలేదు. పట్టాలు తుడిచింది. ఇంజను మీది బొట్టు మాత్రం అట్లాగే ఉంచింది.

మర గోరంత తిప్పింది.

ఇంజను కదిలింది. చింతపండు కుప్పలు దాటింది. పెనుకొండలో లైను చీలే చోటికి వస్తుంటే కుళ్ళాయమ్మ ఊపిరి బిగబట్టింది. అది ఏమీ లేనట్టు దాటేసి సొరంగంలో దూరింది. పెట్టెలు ఒకదాని వెంట ఒకటి చీకట్లోకి పోయాయి. ఆఖరి పెట్టె కూడా పోయింది. ఇవతల ఏమీ లేదు, అవతల ఇంకా ఏమీ లేదు.

"వదినా, కొంచెం పెంచు. లోపల నిలబడిపోతాది" అన్నాడు అంజనప్ప. అతనికి తెలియకుండానే అతని చెయ్యి వేలు చాపి కొండ వెనక్కు పోతోంది, అన్న చెయ్యి పోయినట్టే.

"చెయ్యి తియ్యి అబ్బయ్యా. పెంచను."

కొండ అవతల మాసిన ఇటుకరంగు మూతి కనబడింది, నెత్తిన కుంకుమ బొట్టుతో. వెనకే పెట్టెలు. పట్టుపోగుల పక్కగా, నిదానంగా, ధర్మవరంలోకి వచ్చింది. పార్వతమ్మ మర కట్టేసింది. కొంచెం సాగి, నిలబడింది.

అంజనప్ప భుజం మీది టవలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఇంత మెల్లగానా? నడిచి పోయినా నేనే ముందు చేరుకుంటా" అని, గొంతు సవరించుకుని, "ఇంకొక తూరి పంపు వదినా" అన్నాడు.

మడకశిర ఇంటికి వడ్రంగి కొత్త తలుపులు చేశాడు. తర్వాతి దసరాల్లో కుళ్ళాయమ్మ పూజకు వస్తూనే ఉంది. బొట్టు ఇంజను నెత్తికి, నిమ్మకాయలు బల్ల కాళ్ళ కింద. అంజనప్ప తెచ్చిన తాడు మాత్రం ఆ మొదటి దసరా రోజు మరిచిపోయి వెళ్ళాడు. పార్వతమ్మ దాన్ని పెరట్లో రెండు గుంజలకు లాగి కట్టి, బట్టలు ఆరేసుకుంటోంది.